తొట్టి మీద జానెడు ఎత్తు

మా షాపుకు వచ్చే మనుషులు ముందు నా ముఖం చూడరు. నా భుజం మీదుగా వెనక్కి చూస్తారు. మోటార్లు, పైపులు, బెండ్లు, వాల్వులు అమ్మే చోట ఆడమనిషి గల్లా ముందు కూర్చుంటే, అసలు మనిషి ఎక్కడో లోపల ఉంటాడని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం వమ్ము కాకుండా నా వెనక ప్లాస్టిక్ కుర్చీలో మా నాయన ఉంటాడు. ఆయన చెవులు ఇప్పుడు సగమే పనిచేస్తాయి. బేరం మాత్రం ఎంత మెల్లగా ఆడినా వినపడుతుంది.

“ఆయమ్మినే అడగండబ్బా,” అంటాడు నాయన. “నా కాడైతే ఏమన్నా తగ్గేది. ఆమె కాడ అది గూడా లేదు.”

ఇది మెచ్చుకోలు అని నేననుకుంటాను. వచ్చినవాళ్లు హెచ్చరిక అనుకుంటారు.

మాది విడవలూరు. నాయన వైపు వాళ్లందరివీ ఇనుము, పైపులు, మోటార్ల షాపులు. అమ్మ వైపు వాళ్లవి నెల్లూరులో బియ్యం కొట్లు. ఇలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకు మాటల కన్నా ముందు బేరం వస్తుంది. జ్వరం వస్తే సగం మాత్ర ఇప్పుడు వేసుకుంటాను, మిగతా సగం జ్వరం తగ్గిన తర్వాత అనేదాన్నట. తలకు నూనె పెట్టించుకోవాలన్నా నాకేమిస్తావని అమ్మను అడిగేదాన్ని. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోవడం కూడా ఒక బేరమే. లెక్కలొస్తే షాపుకు పనికొస్తుందని నాయన ఒప్పుకున్నాడు. రోజూ బస్సెక్కి షాపుకు దూరంగా నెల్లూరు పోవచ్చని నేను ఒప్పుకున్నాను.

అక్కడ ఫిజిక్స్ చెప్పే సారు ఒక రోజు ‘పని’ అనే పాఠం మొదలుపెట్టాడు. బలం ఏ దిశలో పనిచేస్తుందో ఆ దిశలో వస్తువు కదిలితేనే పని జరిగినట్టు. నెత్తిన బస్తా పెట్టుకుని చదునైన నేల మీద ఎంత దూరం నడిచినా, ఆ బరువును మోసినందుకు జరిగిన పని సున్నా. మోసేవాడి మెడ వేరే సంగతి చెప్పవచ్చు గాని, పుస్తకం మెడ మాట వినదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఈ సంగతి నాయనకు చెప్పాను.

“మీ సారు క్లాసులో ఏం చేస్తాడు?” అన్నాడు నాయన.

“అటూ ఇటూ నడుస్తా పాఠం చెప్తాడు.”

“గది చదునుగానే ఉంటాది గదా?”

“చదునే.”

“మరి ఆయనకు జీతం దేనికిస్తుండారు?”

ఈ ప్రశ్న నేను సారును అడగలేదు. అడిగేంత ధైర్యం ఉంటే మార్కుల కోసం దాచుకునేదాన్ని.

ఆ తర్వాతి పాఠం స్థితిజశక్తి. అది మాత్రం నా కోసమే రాసినట్టనిపించింది. ఎత్తులో పెట్టిన వస్తువు, తనను ఎత్తడానికి పడిన శ్రమను లోపల దాచుకుని కూర్చుంటుంది. వదిలితే తిరిగి ఇచ్చేస్తుంది. ఆ ఎత్తును ఎక్కడి నుంచి కొలవాలో మన ఇష్టమేనట. నేలను సున్నా అనుకోవచ్చు, బల్లను సున్నా అనుకోవచ్చు, బావి అడుగును సున్నా అనుకున్నా తప్పు లేదు. లెక్కకొచ్చేది తేడా ఒక్కటే. ఇది మా ఇంట్లో పుస్తకం లేకుండానే అందరికీ తెలుసు. బేరంలో ముందు నోరు తెరిచినవాడు సున్నా ఎక్కడుందో చెప్తాడు, తర్వాత జరిగేదంతా తేడా కోసం కొట్లాట. ఇంత తెలిసినదాన్ని గనక యూనిట్ టెస్టులో ధీమాగా రాశాను. పేపర్లిచ్చే రోజు సారు నన్ను నిలబెట్టాడు.

“బంతి బల్ల మీది నుంచి పడింది. సగం లెక్క దాకా నీ సున్నా నేల మీదుండాది. ఆనక బల్ల మీదికి ఎట్టా ఎక్కింది?”

“అక్కడి నుంచైతే లెక్క తేలిగ్గా వస్తుంది సార్.”

“సున్నా యాడన్నా పెట్టుకో. పెట్టినాక కదిలించబాక.”

సగం మార్కులైనా వేయమని అడిగాను. సగంలో సగమన్నా అన్నాను. సారు ఆ రోజు నుంచి నేను చెయ్యెత్తితే కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు.

శక్తి నిత్యత్వ నియమం దగ్గర నాకు అమ్మ వైపు కొట్టు అక్కరకొచ్చింది. శక్తి మాయం కాదు, రూపం మారుతుంది అంతే, అన్నాడు సారు. మా మేనమామ బియ్యం కొట్టులో తరుగు మీద నమ్మకం లేని మనిషి. బస్తా దించినప్పటికి, అమ్మేటప్పటికి బరువు తగ్గితే తరుగు పోయిందని అందరూ ఊరుకుంటారు. ఆయన ఊరుకోడు. తేమ ఎంత ఎండింది, నేల మీద ఎంత ఒలికింది, ఎలుక ఎంత లావైంది అని వెతికేవాడు. పోయినదానికి ఒక చిరునామా ఉండి తీరాలి. సారు చెప్పిందీ అదే. పైనుంచి పడ్డ బంతి ఆగిపోతే దాని శక్తి చప్పుడులోకి, వేడిలోకి పోయిందని. ఆ పేజీ నాకు మళ్లీ చదవాల్సిన అవసరం రాలేదు.

తర్వాత డిగ్రీ అయింది, పెళ్లయింది, నాయన చెవులు మందగించాయి, షాపు నా చేతికొచ్చింది. నేను చదివిన ఫిజిక్సంతా మోటారు డబ్బా మీద రాసి ఉండే హార్స్‌పవరు దగ్గర ఆగిపోయింది.

ఇక మా వైపు పొలాల్లో ఉండే ఒక ఆచారం గురించి చెప్పాలి. సముద్రం దగ్గరి ఇసక నేలలు కాబట్టి లోతు బోర్లు అక్కర్లేదు. ఫిల్టరు పాయింటు అని, ఇసకలోకి కొద్ది లోతున ఒక గొట్టం దింపి పైన మోటారు పెడితే నీళ్లొస్తాయి. ఆ నీళ్లు పక్కనే సిమెంటు తొట్టిలో పడతాయి. తొట్టి గోడ నడుమెత్తు కూడా ఉండదు. కానీ నీళ్లు పోసే పైపు మాత్రం మనిషికి రెండు నిలువుల ఎత్తుకు లేచి, అక్కడ వంగి, అంత ఎత్తు నుంచి ధబధబా తొట్టిలోకి దూకుతుంది. ఎందుకంటే నీళ్లు రోడ్డు మీద పోయేవాడికి కనపడాలి. చప్పుడు పక్క పొలంవాడికి వినపడాలి. పైపు ఎంత ఎత్తుంటే మోటారు అంత గట్టిది, ఆసామి అంతకన్నా గట్టివాడు. మా షాపు ముందు కూడా నాయన ఒక డ్రమ్ము, నిలువు పైపు పెట్టి, కొత్త మోటారు నీళ్లను షాపు బోర్డు దాకా ఎగజిమ్మించి చూపిస్తాడు. చూసినవాళ్లు తల పైకెత్తుతారు. తల పైకెత్తిన మనిషి బేరం తక్కువ ఆడతాడని నాయన సిద్ధాంతం.

ఆ ఏడు ఈశాన్య వానలు ఆలస్యమైనాయి. కాలవ నీళ్లు చివరి భూములకు ఇంకా రాలేదు. అలాంటి ఒక ఉదయం మా పాత ఖాతాదారుడైన పెద్దాయన, ఆయన కోడలు మోటారు సైకిలు మీద వచ్చారు. బండి నడిపింది కోడలు. పెద్దాయన వెనక కూర్చుని, తలకు తువ్వాలు చుట్టుకుని, ఊరేగింపులో వచ్చినట్టు దిగాడు. ఆయన కొడుకు కృష్ణపట్నంలో పోర్టు పనికి పోతాడు. డ్యూటీలు పగలూ రాత్రీ మారుతుంటాయి కాబట్టి సేద్యం కోడలి చేతిలో పడింది.

“పాపా, పెద్ద మోటారు చూపించు,” అన్నాడు పెద్దాయన, నా వెనక నాయనను చూస్తూ.

“ఉన్న మోటారుకు ఏమైంది పెదనాయనా?”

“దానికేం కాలేదు. నారుకయింది.”

కోడలు చెప్పింది. పెద్దాయన కాలవ వచ్చేదాకా ఆగుదామన్నాడట. ఆమె ఆగలేదు. ఫిల్టరు పాయింటు నీళ్లతో నారు పెంచితే కాలవ వచ్చే వేళకు నాటుకు సిద్ధంగా ఉంటుందని విత్తనం చల్లేసింది. సేద్యంలో ఆమె సొంతంగా తీసుకున్న మొదటి నిర్ణయం అది. ఉదయం కరెంటు ఇచ్చే వేళలోనే తొట్టి నింపుకోవాలి. సాయంత్రం తూము తీసి ఒక్కసారిగా వదిలితే తప్ప ఆ ఇసక కాలవలో నీళ్లు చివరి మడి దాకా పారవు. ఇప్పుడు కరెంటు పోయే వేళకు తొట్టి పూర్తిగా నిండటం లేదు. చివరి మళ్లకు నీళ్లు చేరడం లేదు.

“కొసలు పసుపెక్కుతుండాయి అక్కా,” అంది. “ఇంకొన్నాళ్లు ఇట్టనే పోతే పీకి పారెయ్యడమే. మళ్లీ చల్లేదానికి అదును ఉండదు.”

“నేను చెప్పినా,” అన్నాడు పెద్దాయన.

“చెప్పినారు మావా. ఈ నారు ఎండిపోతే ఇంక నేను ఏం చెప్పినా మీరు వినరు. అది గూడా తెలుసు.”

పెద్దాయన తువ్వాలు సర్దుకున్నాడు.

నాయన అప్పటికే కుర్చీలోంచి లేచి పెద్ద మోటారు మీద దుమ్ము తుడుస్తున్నాడు. ఆ మోటారు మా షాపులో చాలాకాలంగా పెళ్లి కాని పెద్దకూతురిలా కూర్చుని ఉంది. ఎవరన్నా తీసుకుపోతే చాలునని నాకూ ఉంది. బేరానికి గొంతు సవరించుకుంటుండగా కోడలు తన ఫోనులో తీసిన వీడియో చూపించింది, నీళ్లు ఎంత సన్నగా వస్తున్నాయో చూడమని. నేను నీళ్లు చూడలేదు. పైపు చూశాను. ఫోను నిలువుగా పట్టుకుంటే గాని పట్టనంత పైపు.

ఇక్కడ నాకేదో పరోపకార బుద్ధి పుట్టిందని ఎవరూ అనుకోవద్దు. పాత పాయింటుకు పెద్ద మోటారు బిగిస్తే నీళ్లతో పాటు ఇసక లాగుతుంది. ఇసక లాగితే వారం తిరక్కుండా మోటారు నా షాపు మెట్లెక్కుతుంది, దాని వెనకే పెద్దాయన. అమ్మిన సరుకు వాపసు రావడం మా వంశంలో చావు కబురుతో సమానం.

“మోటారు వద్దు,” అన్నాను. “పైపు దించుదాం.”

నాయన తుడిచే గుడ్డ ఆగిపోయింది. ఆయన చెవులు ఆ రోజు చక్కగా పనిచేశాయి.

మర్నాడు ఉదయం కరెంటు రాకముందే రంపం, బెండు, జిగురు డబ్బా స్కూటీలో వేసుకుని వాళ్ల పొలానికి పోయాను. పెద్దాయన తొట్టి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పైపును కాపలా కాస్తున్నట్టుంది ఆ కూర్చోవడం.

“మూర దించుకో పాపా,” అన్నాడు, నేను స్టాండు వేయకముందే.

“మూర కాదు పెదనాయనా, తొట్టి దాకా.”

“అది దించడం కాదు, పూడ్చిపెట్టడం.”

“మోటారు బలం ఇంతే. నీళ్లను అంత పైకి ఎక్కించేదానికే సగం ఖర్చు పెడితే ఇంక నీళ్లేం తెస్తాది? ఎత్తు తగ్గితే అదే బలానికి ఎక్కువ నీళ్లొస్తాయి.”

“పైకెక్కిన నీళ్లు మళ్లీ కిందికే గదా వస్తుండాయి. పోయిందేముంది?”

మంచి ప్రశ్న. నాకు మా మామ, ఎలుక గుర్తొచ్చాయి. “కిందికొచ్చేటప్పుడు ఆ ఖర్చంతా చప్పుడు కింద, తుంపర కింద పోతుండాది. నారుకు ఒక్క చుక్క పెరగడం లేదు.”

“చప్పుడంటే వేస్టా?” పెద్దాయన నొచ్చుకున్నాడు. “రోడ్డు మీద పోయేవాడు వింటాడు. వీళ్లకు నీళ్లుండాయి అనుకుంటాడు. అదే మర్యాద.”

“మర్యాద చివరి మడికి పారదు మావా,” అంది కోడలు, మోటారులో చెంబుతో నీళ్లు పోస్తూ. రోజూ అలా నీళ్లు పోస్తే గాని ఆ మోటారు నీళ్లు ఎత్తుకోదు.

ఆయన నిలువు దించడానికి ఒప్పుకున్నాడు. నేను వెళ్లిపోతానన్నాను. నిలువున్నర అన్నాడు. రంపం సంచిలో పెట్టేశాను. గట్టుకు మూరెడు పైన అన్నాడు. స్కూటీ తాళం తీశాను. చివరికి గట్టుకు జానెడు పైన ఉంచమని, ఆ మాత్రమన్నా నీళ్లు దూకాలని అడిగాడు. ఆ అడగడంలో బేరం లేదు, బతిమాలడమే ఉంది. అక్కడ ఆగి ఉండాల్సింది. కానీ ఎదుటివాడు దిగుతున్నప్పుడు ఆగడం మాకు ఎవరూ నేర్పలేదు. ఆ జానెడు కూడా దించేశాను. పైపు గట్టు మీద వంగి, మూతి తొట్టి లోపల అడుగు దగ్గరి దాకా దిగింది. ఆ జానెడు వల్ల వచ్చే నీళ్లు చెంబెడు కూడా ఉండవని నాకు తెలుసు. అయినా గెలిచే ఆటను మధ్యలో వదలబుద్ధి కాలేదు.

కరెంటు వచ్చింది. మోటారు ఎత్తుకుంది. చప్పుడు లేకుండా, లావుగా, నిండుగా నీళ్లొచ్చాయి. కరెంటు పోకముందే తొట్టి అంచు దాకా నిండింది. పైపు మూతి నీళ్లలో మునిగి కనపడకుండా పోయింది. కోడలు తొట్టిలో చెయ్యి పెట్టి కదిలించి నవ్వింది. పెద్దాయన మాత్రం ఎవరో పోయిన ఇంట్లో లాగా కూర్చున్నాడు. “మోటారు ఆడుతుండాదా ఆగిందా గూడా తెలీడం లేదు,” అన్నాడు.

నేను షాపుకొచ్చి నాయనకు శక్తి నిత్యత్వం మీద ఉపన్యాసం ఇచ్చాను. అమ్ముడుపోని మోటారు వైపు చూస్తూ విన్నాడు.

పొద్దు వాలే వేళకు ఫోనొచ్చింది.

“అక్కా, తొట్టిలో నీళ్లు లేవు.”

“తూము సరిగా మూసినావా?”

“మూసే ఉండాది. కింద తడి గూడా లేదు. ఎవరన్నా తోడుకుంటే నేల తడవదా?”

స్కూటీ తీస్తుంటే నాయన తనూ వస్తానని వెనక ఎక్కాడు. పొలం దగ్గర దిగి తొట్టి చుట్టూ తిరిగాడు. ఖాళీ తొట్టిలో, గోడ వెంబడి వేలాడుతున్న పైపు మూతి చూశాడు. నీళ్లు మూతి దాకా దిగిపోయి, దాని కింద అడుగున కాసిని మిగిలాయి.

“మోటారు ఆగినాక నీళ్లు ఏం చెయ్యాలని ఉండాది మీ పుస్తకంలో?” అన్నాడు.

అప్పుడు వెలిగింది. నీళ్లు ఎప్పుడూ కింది వైపే చూస్తాయి. తొట్టిలో ఎత్తున కూర్చున్న నీళ్లకు, మూతి మునిగిన పైపు ఒక దారి. పైపు నిండా నీళ్లే, గాలి దూరే సందు లేదు. పాయింటులో నీళ్లను ఆపాల్సిన వాల్వు ఎప్పుడో అరిగిపోయింది, అందుకే రోజూ చెంబుతో నీళ్లు పోయాల్సి వచ్చేది. మోటారు ఆగగానే నీళ్లు వచ్చిన దారినే తిరిగి నేలలోకి పోయాయి. పొద్దున నేను చేయించిన పనినంతా అవి నిశ్శబ్దంగా, చుక్క పొల్లు పోకుండా వాపసు తీసుకున్నాయి. మా వంశంలో ఇంత పెద్ద వాపసు ఎవరికీ జరగలేదు.

“నా పైపు ఆకాశంలో ఉన్నన్నాళ్లు ఒక్క చుక్క వెనక్కి పోలేదు,” అన్నాడు పెద్దాయన. అది నిజమే. ఆయనకు కారణం తెలియదు, ఎత్తులో మూతికి గాలి తగులుతుండటమే కారణం. అయినా తెలిసి చేసినవాడి గొంతుతో చెప్పాడు. ఆ సంతోషాన్ని ఆయన దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

కోడలు చివరి మళ్ల వైపు నడిచింది. వెనకే పోయాను. ఆ మళ్లలో నేల పలచగా పగిలింది. నారు కొసలు ముందు రోజు వీడియోలో కన్నా ముదురు పసుపు. కరెంటు మళ్లీ రేపు ఉదయమే.

“వాల్వు మార్చేద్దామా అక్కా?” అంది.

ఆ పాత గొట్టం సైజుకు సరిపడే వాల్వు నా దగ్గర లేదు, నెల్లూరు నుంచి తెప్పించాలి అని చెప్పాను. వాల్వుల షాపు పెట్టుకుని ఈ మాట చెప్పడానికి ఎంత గొంతు కావాలో అంతే వచ్చింది.

పొలం పక్కనే వాళ్లింటి దగ్గర చేతిపంపు ఉంది. ఆమె బిందె తీసుకుంది, నేనొక బిందె తీసుకున్నాను. పంపు దగ్గర పెద్దాయన, నాయన వంతులేసుకుని కొట్టారు. కొట్టేటప్పుడు ఇద్దరూ నా చదువు గురించి మాట్లాడుకోవడం పొలం గట్టు మీదికి వినపడింది. పంపు నుంచి చివరి మడి దాకా గట్టంతా చదును. మా సారు లెక్కలో మేమిద్దరం బిందెలు మోస్తూ అటూ ఇటూ నడిచిందంతా సున్నా. నా నడుము ఆ లెక్కను ఒప్పుకోలేదు.

“అక్కా, నువ్వు ఇంటికి పో,” అంది కోడలు, నా నడక చూసి.

“ఇంకో బిందె.”

“ఒకటే?”

“రెండు.”

ఆమె ఆ సాయంత్రం మొదటిసారి నవ్వింది. “నీతో నువ్వే బేరమాడుకుంటుండావు,” అంది.

చీకటి పడే వేళకు చివరి మళ్లు తడిశాయని అనలేను. నాలుక తడిసినట్టు తడిశాయి. ఒక్క రోజు ఆగమని నారును అడిగినట్టయింది, అంతే.

మర్నాడు ఉదయం నాయనతో కలిసి మళ్లీ పొలానికి పోయాను, మళ్లీ బేరం. ఈసారి ముందు నోరు తెరిచింది పెద్దాయన.

“రెండు నిలువులు,” అన్నాడు.

“పెదనాయనా, గాలి దూరేదానికి రెండు నిలువులు ఎందుకు? మూతి నీళ్లకు తగలకుండా ఉంటే చాలు.”

“నిన్న చాలన్నావు. తొట్టంతా నీ పైపు తాగేసింది.”

నిలువు అన్నాడు, నేను బతిమాలాను. నడుమెత్తు అన్నాడు, నాయన కూడా ఆయన వైపే తలూపాడు. అమ్ముడుపోని మోటారు తాలూకు కోపం నాయనకు ఇంకా పోలేదు. బేరం తెగేది కాదనిపించింది. అప్పుడు కోడలు తొట్టి గట్టెక్కి, నిండిన తొట్టిలో నీళ్లు ఎక్కడికొస్తాయో ఆ గీత మీద బొటనవేలు పెట్టి, జాన చాచింది.

“ఇక్కడ,” అంది. “నారు నాది మావా. ఇది బతికితే మీరు చెప్పింది వింటా, చస్తే గూడా వింటా. ఈ రోజుకు మాత్రం ఇక్కడ.”

పెద్దాయన ఆమె చేతిని చూశాడు. ముందు రోజు ఆయన నన్ను అడిగిన జానెడే అది. నేను పైపు కోసి, బెండు తిప్పి, ఆ చిటికెన వేలి దగ్గర మూతి పెట్టి బిగించాను. కరెంటు వచ్చింది. నీళ్లు ముందు రోజు లాగే లావుగా వచ్చాయి. జానెడు దూకుడు కాబట్టి చప్పుడు మాత్రం పాలు కాగుతున్నంత మెల్లగా ఉంది.

పెద్దాయన లేచి షెడ్డు వెనక్కి పోయాడు. అలిగి పోయాడనుకున్నాను. తుప్పు పట్టిన రేకు ముక్క ఒకటి పట్టుకుని వచ్చి, పైపు మూతి కింద, తొట్టి గోడకు ఏటవాలుగా ఆనించాడు. నీళ్లు రేకు మీద పడ్డాయి. రేకుల షెడ్డు మీద తుఫాను వాన పడినట్టు మోగింది. రోడ్డు మీద సైకిలు మీద పోతున్న ఒకాయన కాలు నేలకు ఆనించి ఇటు చూశాడు.

వద్దనడానికి నోరు తెరిచాను. అంతలో లెక్క ఒకసారి వేసుకున్నాను. పైపులోంచి బయటపడ్డ నీళ్లు మోటారుకు ఇంకేమీ బాకీ లేవు. ఆ జానెడు దూకుడులో ఉన్న శక్తి ఎలాగూ తొట్టిలో చప్పుడుగా, వేడిగా పోవాల్సిందే. అది నీళ్ల మీద గొణుగుతూ పోతే ఏమి, రేకు మీద అరుస్తూ పోతే ఏమి. పెద్దాయన చుక్క నీళ్లు తగ్గకుండా తన మర్యాద మొత్తం తిరిగి తెచ్చుకున్నాడు. నా బేరాలన్నిట్లో ఎదుటివాడికి అంత ఉచితంగా పోయింది అదొక్కటే.

“ఇప్పుడు ఆడుతుండాది మోటారు,” అన్నాడు.

కరెంటు పోయింది. మేం నలుగురం తొట్టి చుట్టూ నిలబడి నీళ్ల గీతను చూస్తూ ఉండిపోయాం. గీత కదలలేదు. సాయంత్రం తూము తీసేటప్పటికి కూడా నేను వెళ్లాను, షాపు నాయనకు వదిలి. నీళ్లు ఇసక కాలవలో ఊపుగా పోయాయి. కోడలు చివరి మడి చివర చెప్పులు విడిచి నిలబడింది. చాలాసేపటికి నీళ్లు ఆమె వేళ్లను తాకాయి, తర్వాత మడమ దాటాయి. ఆమె అక్కడే కూర్చుని, మట్టి చేత్తో గట్టు గండి ఇంకొంచెం వెడల్పు చేసింది.

నారు ఒక్కసారిగా పచ్చబడలేదు. ముందు మళ్లు దట్టంగా, చివరి మళ్లు కాస్త పలచగా లేచాయి. కాలవ నీళ్లు వచ్చే వేళకు మాత్రం అన్నీ నాటుకు వచ్చాయి. ఆ చుట్టుపక్కల ముందు నాటింది వాళ్లే. రేకు చప్పుడు విని ఇద్దరు ముగ్గురు ఆసాములు, పెద్దాయన ఎక్కించిన కొత్త మోటారే కావాలని మా షాపుకొచ్చారు. అది పాతదేనని నేను చెప్పేలోపల నాయన పెద్ద మోటారు మీద దుమ్ము తుడిచేశాడు. అది ఆ వారమే పోయింది, లోతు బావి ఉన్నాయన తీసుకున్నాడు. అంతవరకు నా అంతరాత్మకు ఇబ్బంది లేదు.

మరుసటి ఏడు వానలకు ముందు పెద్దాయన వాల్వు కోసం షాపుకొచ్చాడు. అదే సైజుది తెప్పించి పెట్టాను. బేరం అయ్యాక నాయన ఆయనకు టీ తెప్పించి, మామూలుగా అడిగినట్టే అడిగాడు, ఈ ఏడు విత్తనం ఎప్పుడు చల్లుతుండారని. విత్తనాలు ఏ వారం చల్లుతారనే దాని మీద మా పైపుల అమ్మకాలు ఆధారపడి ఉంటాయి కాబట్టి నేనూ చెవి పెట్టాను.

పెద్దాయన టీ ఊదుకుని తాగాడు. వాల్వును అరచేతిలో తిప్పి చూసుకున్నాడు.

“ఇంకా చెప్పలేదబ్బా మా కోడలు,” అన్నాడు.